అమ్మ వచ్చిన తొమ్మిది రోజులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అబద్ధం ఆడితే నాయనమ్మ ఊరుకునేది కాదు. చెంప వాచిపోయేది. అలాంటి మనిషి ఒక్క అబద్ధం మాత్రం తను ఆడి, మా నాన్న చేత ఆడించి, ఏడేళ్ళ పిల్లనైన నా చేత ఒట్టు వేయించుకుని మరీ ఆడించింది. మా అమ్మ పెనుగంచిప్రోలు వెళ్ళింది, అదీ ఆ అబద్ధం.

మొదట్లో అది నిజమే. మూడో కానుపుకు అమ్మ పుట్టింటికి వెళ్ళింది. బిడ్డా దక్కలేదు, అమ్మా దక్కలేదు. కబురు రాగానే నన్ను వెంట తీసుకెళ్ళారు. అమ్మను మునేరు ఒడ్డున కాటికి మోసుకెళ్ళేదాకా అంతా నా కళ్ళతో చూశాను. మూడేళ్ళ చెల్లిని మాత్రం మా ఊరు జగ్గయ్యపేటలోనే పక్కింటివాళ్ళ దగ్గర వదిలి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి అది గుమ్మంలో నిలబడి అమ్మేదీ అని అడిగింది. "పెనుగంచిప్రోల్లో ఉందమ్మా, వచ్చుద్ది" అనేసింది నాయనమ్మ. ఆ మాట ఎలా నోట్లోంచి వచ్చిందో ఆవిడకే తెలియదనుకుంటాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ రెండేళ్ళు గడిపేశారు. సాయంత్రం పూట బస్సు దిగినవాళ్ళు మా వీధిలోంచి నడిచి వెళ్ళేవారు. చెల్లి అరుగు మీద కూర్చుని వాళ్ళలో ఒక్కొక్క ఆడమనిషి మొహమూ చూసేది. దానికి అమ్మ మొహం గుర్తుందో లేదో కూడా నాకు తెలియదు.

అప్పటికి దానికి అయిదేళ్ళు, నాకు తొమ్మిది. యాభైల చివర అనుకోండి. శివరాత్రి వెళ్ళి ఎండలు మొదలవుతున్నాయి. ఒకరోజు పొద్దున చెల్లి చద్దన్నం ముందు కూర్చుని మింగలేక ఏడ్చింది. మధ్యాహ్నానికి వాంతి చేసుకుంది. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. మర్నాడు గౌను విప్పి చూస్తే మెడ నుంచి పొట్ట దాకా ఒకటే ఎరుపు, చేత్తో తడిమితే సన్నరవ్వ చల్లినట్టు గరుకు. నాయనమ్మ చూస్తూనే లెంపలు వేసుకుని చేతులు జోడించింది. "అమ్మ వచ్చిందిరా" అంది మా నాన్నతో.

ఇప్పటి పిల్లలకు ఈ మాట విప్పి చెప్పాలి. ఒంటి మీద ఏది పొక్కినా, తట్టయినా ఆటలమ్మయినా, మాకు అది రోగం కాదు. అమ్మవారు ఆ బిడ్డ ఒంట్లోకి వచ్చినట్టు. రోగం పేరు పలకకూడదు, అమ్మ వచ్చింది అనాలి. మందు వేయకూడదు, వేస్తే ఆవిడకు ఆగ్రహం. గుమ్మానికి వేపమండలు కట్టాలి, తాలింపు వాసన రానీయకూడదు, బిడ్డను కసురుకోకూడదు. మూడో రోజో అయిదో రోజో వేపాకు నీళ్ళు పోసి, పెరుగన్నం నైవేద్యం పెట్టి, చల్లగా వెళ్ళిరా తల్లీ అని సాగనంపాలి. మా నాయనమ్మకు ఇవన్నీ కంఠతా వచ్చు. దానికి తోడు తన సొంత పట్టింపు ఇంకొకటి ఉండేది. అమ్మ ఉన్న ఇంట్లో సూది కదలకూడదని. మా నాన్నేమో దర్జీ. వసారాలో మిషను మీద దుప్పటి కప్పించేసింది. పాపం నాన్న కుట్టాల్సిన గుడ్డలు మూటగట్టుకుని బజార్లో ఇంకో దర్జీ అరుగు మీదికి పొద్దున్నే వెళ్ళి, పొద్దుగూకాక వచ్చేవాడు.

నన్ను బడి మాన్పించి చెల్లి పక్కన కూర్చోబెట్టారు. వేపమండతో విసరడం, నోరెండితే చెంచాతో మజ్జిగ పోయడం నా పని. ఆ మొదటి మధ్యాహ్నమే అది కళ్ళు తెరిచి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, అమ్మొచ్చిందంటగా. ఏదీ?" అంది.

ఆ మొహం నేనెలా చెప్పను! జ్వరంతో కందిపోయిన మొహంలో ఎంత సంతోషమో. రెండేళ్ళు అరుగు మీద కూర్చుని ఎదురుచూసిన పిల్ల. ఇంటిల్లిపాదీ అమ్మొచ్చింది, అమ్మొచ్చింది అంటుంటే అది మాత్రం ఏమనుకుంటుంది? పెద్దవాళ్ళ నోట్లో అమ్మ అంటే అమ్మవారు. దాని చెవికి అమ్మ అంటే అమ్మే. నాకు ఆ క్షణంలోనే అర్థమైపోయింది. తప్పు ఎక్కడ జరిగిందో ఆ ఇంట్లో అర్థమైనదాన్ని నేనొక్కదాన్నే. కాదే పిచ్చిదానా, ఇది వేరే అమ్మ అని అనొచ్చు. అనలేదు. "వచ్చింది. నువ్వు నిద్రపోతుంటే వచ్చి నీ నుదురు తడిమి పోయింది" అన్నాను.

ఏ చీర కట్టుకుందని అడిగింది. ఆకుపచ్చది అన్నాను. నా కోసం అడిగిందా అంది. నీ కోసమే వచ్చింది అన్నాను. ఒకసారి మొదలుపెట్టాక ఇక ఆగుతుందా నా నోరు? అమ్మ నిద్రలోనే వస్తుందని చెప్పానుగా, దాంతో అది కళ్ళు గట్టిగా మూసుకుని కదలకుండా పడుకునేది. అంతకుముందు చీటికీమాటికీ పేచీ పెట్టే పిల్ల, ఒళ్ళంతా మండిపోతున్నా కిక్కురుమనేది కాదు. చూశారా అమ్మ ఎంత చల్లగా చూస్తోందో అని నాయనమ్మ మురిసిపోయేది. నేను పక్కనే కూర్చుని విసురుతుండేదాన్ని.

మా పక్కింట్లో ఒక నర్సమ్మ ఉండేది. ఊళ్ళో ఆసుపత్రిలో పని. తెల్ల చీర కట్టుకుని, ఆదివారం ఆదివారం బైబిలు పట్టుకుని ప్రార్థనకు వెళ్ళేది. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య నా భుజాలెత్తు గోడ. ఆ గోడ మీదుగా కూరలు, కబుర్లు నడుస్తుండేవి. మూడో రోజు ఆవిడ గోడ దగ్గర నిలబడి, "మామ్మగారూ, జ్వరం ఇంకా దిగలేదంటున్నారు. ఒక్కసారి పిల్ల నోరు చూడనివ్వండి. గొంతులోంచి వచ్చిందేమోనని నా అనుమానమండి" అంది. అవసరమైతే సూదిమందు వేస్తే తగ్గిపోతుందని కూడా అంది.

సూది అనే మాట వినగానే నాయనమ్మ చెవులు మూసుకుంది. "ఇంకానయం! సూది పొడిస్తే అమ్మ నిలవదు ఇంట్లో. కోపమొచ్చి పోద్ది" అంది. ఆ మాట లోపల పడుకున్న చెల్లి వింది. నేను వెళ్ళేసరికి కళ్ళనిండా భయం. సూదేస్తే అమ్మ వెళ్ళిపోద్దా అక్కా అని అడిగింది. నాకు తగ్గిపోయినా వెళ్ళిపోద్దా అని అడిగింది.

అక్కడైనా నేను నిజం చెప్పి ఉండాల్సింది. నా అబద్ధాన్ని కాపాడుకోవడమే నాకు ముఖ్యమైపోయింది. ఇంకో సంగతి కూడా దాచడమెందుకు, ఈ వయసులో నాకు సిగ్గేమిటి. నేనూ కొంచెం నమ్మాను. చెల్లికి ఆకుపచ్చ చీర గురించి చెప్పీ చెప్పీ, తలుపు కదిలితే నేనే అటు చూసేదాన్ని. అందుకే దాని చెవిలో చెప్పాను. "అవునే. నర్సమ్మగారొచ్చి గొంతు నొప్పా అని అడిగితే లేదని చెప్పు. నోరు తెరవమాక" అన్నాను.

అది నా మాట జవదాటలేదు. నర్సమ్మ మర్నాడు వచ్చి మంచం పక్కన కూర్చుని ఎంత బతిమాలినా పళ్ళు బిగించింది. నొప్పి లేదని తల అడ్డంగా ఊపింది. చూపించడానికి గ్లాసుడు మజ్జిగ గటగటా తాగేసింది. తాగుతుంటే దాని కళ్ళలోంచి నీళ్ళు కారడం నేను చూశాను. నర్సమ్మ పెద్దావిడ మాటకు ఎదురు చెప్పలేక లేచి వెళ్ళింది. వెళుతూ నా వైపు ఎందుకో ఒకసారి చూసింది. నేను తల దించుకుని విసరడం మొదలుపెట్టాను.

మూడో రోజు పోయాల్సిన నీళ్ళు జ్వరం దిగలేదని అయిదుకు, అయిదు నుంచి తొమ్మిదికి జరిపారు. ఎరుపు మెల్లగా తగ్గింది. మెడ దగ్గర చర్మం పొట్టులా లేవసాగింది. అమ్మ దిగుతోంది అంది నాయనమ్మ. తొమ్మిదో రోజు పొద్దున్నే పెద్ద గుండిగలో వేపాకు, పసుపు వేసి నీళ్ళు ఎండలో పెట్టింది. నాన్న బజారుకు వెళ్ళిపోయాడు. ఇంట్లో మేము ముగ్గురమే. నీళ్ళు వేడెక్కాక నాయనమ్మ చెల్లిని ఎత్తుకుని పెరట్లోకి తెచ్చింది. "ఇవాళ అమ్మను పంపించేద్దాం తల్లీ" అంది.

అంతే. తొమ్మిది రోజులు కిక్కురుమనని పిల్ల నాయనమ్మ చంకలోంచి జారి పెరటి వసారా గుంజను రెండు చేతులా వాటేసుకుంది. "వద్దు నాయనమ్మా, పంపించమాక! నాకు తగ్గలా. గొంతు నొప్పిగానే ఉంది. ఒట్టు, నొప్పిగానే ఉంది. నేనింకా అమ్మను చూడలా. అక్కే చూసింది" అంది. అక్క నొప్పి లేదని చెప్పమందనీ, నొప్పి ఉందంటే సూది వేసి అమ్మను పంపించేస్తారందనీ, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది.

నాయనమ్మ చేతిలో చెంబు ఉంది. దాన్ని నెమ్మదిగా కింద పెట్టింది. నా వైపు తిరిగి ఏం చెప్పావే దీనికి అని అడిగింది. చెప్పాను. నాయనమ్మ చెయ్యి లేచింది. చెంప మీద పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆ చేత్తో తన నోరే మూసుకుని నిలబడి ఉంది.

తర్వాత ఆవిడ చేసిన పని ఇన్నేళ్ళయినా నా కళ్ళ ముందే ఉంది. మడిచీర అని కూడా చూసుకోకుండా ఆ తడి నేల మీద చతికిలబడింది. చెల్లి గుంజను వదలలేదు కాబట్టి తనే దాని దగ్గరికి జరిగింది. మొహానికి మొహం పెట్టి, "మీ అమ్మ రాలేదు తల్లీ. ఇక రాదు. నీకు మూడేళ్ళప్పుడే చచ్చిపోయింది. ఊళ్ళో ఉందని నేనే అబద్ధం చెప్పా. అక్క తప్పేం లేదు, ముందు చెప్పింది నేను" అంది. దేవుడి దగ్గరికి వెళ్ళిందనలేదు, చుక్కల్లో ఉందనలేదు. చచ్చిపోయింది అంది. కళ్ళు తుడుచుకోలేదు, మొహం తిప్పుకోలేదు. చిన్నపిల్ల ముందు ముద్దాయిలా కూర్చుంది.

చెల్లి గుంజను ఇంకా వదల్లేదు. "చచ్చిపోతే బస్సెక్కనియ్యరా?" అని అడిగింది.

"ఎక్కనియ్యరమ్మా" అంది నాయనమ్మ.

అప్పుడు ఏడ్చింది చెల్లి. అయ్యో, ఏం ఏడుపు అది! రెండేళ్ళ ఏడుపు ఒక్కసారే ఏడ్చింది. తొమ్మిది రోజులు బిగించుకున్న నోరు బార్లా తెరిచి ఏడ్చింది. ఆ కేకలకు నర్సమ్మ గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చి, గోడెక్కి ఇవతలికి దూకేసింది. తెరిచి ఉన్న నోట్లోకి ఒక్క చూపు చూసింది. నాలుక పచ్చిమాంసంలా ఎర్రగా, గరుకుగా ఉంది. గొంతు వాచిపోయి తెల్లటి మచ్చలు కట్టి ఉంది. "మామ్మగారూ, ఇది అమ్మవారు కాదండి. ఈ పిల్ల నీళ్ళు కూడా ఎలా మింగిందండీ ఇన్నాళ్ళూ?" అంది. నాయనమ్మ ఆవిడ చేతులు పట్టుకుంది. "సూదెయ్యమ్మాయ్. ఎన్ని కావాలంటే అన్నెయ్యి" అంది.

ఆ మధ్యాహ్నమే నాన్న, నర్సమ్మ కలిసి దాన్ని బస్సులో నందిగామ తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించారు. స్కార్లెట్ ఫీవరట. మా ఇంట్లో ఎవరికీ ఆ పేరు నోరు తిరగలేదు. చివరిదాకా దాన్ని నందిగామ జ్వరమనే అన్నాం. తొందరగా తేవాల్సింది, గుండెకు పట్టకుండా చూసుకోండి అన్నారట డాక్టరుగారు. సాయంత్రం తిరిగొచ్చాక నాన్న, పిల్ల గొంతు నొప్పని చెప్పలేదా అమ్మా నీతో అని అడిగాడు. నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. "చెప్పిందిరా. మొదటి రోజే చెప్పింది. నేనే అమ్మవారని మొండికేశా" అంది నాయనమ్మ. నా వైపు చూడను కూడా లేదు.

ఆ తర్వాత మూడు వారాలు నాయనమ్మ చెల్లి పడుకున్న గదిలోనే ఉండిపోయింది. అంటుకునే జ్వరమని నన్ను లోపలికి రానివ్వలేదు. దాని కంచం వేరు, గ్లాసు వేరు, గుడ్డలు రోజూ ఉడకబెట్టాల్సిందే. నర్సమ్మ పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు వచ్చి సూది వేడినీళ్ళలో మరిగించుకుని వేసి వెళ్ళేది. సూది అంటే చెవులు మూసుకున్న మనిషే పిల్ల కాళ్ళు కదలకుండా పట్టుకునేది. ఉప్పునీళ్ళు పుక్కిలి పట్టించేది, జావ పల్చగా కాచి చెంచాతో పోసేది, వేళ్ళ చివర్ల నుంచి చర్మం ఊడి వస్తుంటే కొబ్బరినూనె రాసేది. మా నాన్న మిషను మీద దుప్పటి తీసేసింది కూడా ఆవిడే.

నేను కిటికీ దగ్గర నిలబడి చెల్లితో మాట్లాడేదాన్ని. మొదట్లో అది నా వైపు తిరిగేది కాదు. ఒకరోజు దానంతట అదే పిలిచింది. అమ్మ చచ్చిపోయిందని నీకు ముందే తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "మరి నువ్వొక్కదానివే ఏడ్చావా?" అంది.

జ్వరం తగ్గింది. మళ్ళీ బడికి వచ్చింది, నాతో పోట్లాడింది, జడగంటలు లాక్కుంది. నెల తిరక్కుండానే మోకాళ్ళు వాచాయి. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. గుండెకు పట్టిందన్నారు నందిగామలో. ఆరేళ్ళు నందిగామకూ జగ్గయ్యపేటకూ తిప్పాం. పదకొండో ఏట, ఒక పొద్దున, నాయనమ్మ తల దువ్వుతుంటే ఆవిడ ఒళ్ళోనే తల వాల్చేసింది.

పరామర్శకు వచ్చినవాళ్ళు నలుగురూ నాలుగు మాటలు అన్నారు. ముసల్ది అమ్మవారు అమ్మవారు అంటూ పసిదాన్ని చేతులారా పోగొట్టుకుందన్నారు. మా మేనత్తలు ఆవిడ ఎదురుగానే అన్నారు. మా నాన్న అనలేదు గానీ, చాలా కాలం ఆవిడతో అవసరానికి మించి మాట్లాడలేదు. అన్నం పెట్టి ఆవిడ పక్కన నిలబడితే తల ఎత్తకుండా తిని వెళ్ళేవాడు. అది చూస్తూ కూడా నాయనమ్మ పెదవి విప్పలేదు. నేనూ విప్పలేదు. అప్పటికి నాకు పదిహేనేళ్ళు, తెలియని వయసేమీ కాదు.

నా పెళ్ళయ్యాక ఒకసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు ధైర్యం చేశాను. ఆవిడ మంచం పట్టి ఉంది. నాయనమ్మా, ఆ తొమ్మిది రోజులూ అని మొదలుపెట్టాను. ఆవిడ నా చెయ్యి నొక్కి ఆపేసింది. "అమ్మ లేని పిల్లలు. ఒకదాన్ని కాపాడుకోలేకపోయా. రెండోదాన్నన్నా మాట పడనిస్తానా?" అంది. మళ్ళీ ఆ ఊసు ఎత్తనివ్వలేదు. ఆ ఏడే వెళ్ళిపోయింది.

ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది ఉంది. మా ఆయన పోయిన రోజున నా మనవడు తాతయ్యేడీ అని అడిగితే, ఊరెళ్ళాడని చెప్పబోయిన కోడలిని ఆపి, వాడి ముందు నేల మీద కూర్చుని చచ్చిపోయాడురా అని చెప్పాను. వాడితో కలిసి ఏడ్చాను. నాయనమ్మలా ఆ ఒక్క పని చేయగలిగాను. ఆవిడ చేసిన రెండో పని నా వల్ల కాలేదు. ఇంకొకరి తప్పు నెత్తిన వేసుకుని, జీవితాంతం మాట పడి, ఒక్కసారైనా విసుక్కోకుండా పోవడం నాకు చేతకాదు.

నాకిప్పుడు డెబ్బయి దాటాయి. ఇప్పటికీ మా బంధువుల ఇళ్ళలో ఎవరైనా ముసలావిడ నాటువైద్యం చేస్తానంటే, మన జగ్గయ్యపేట మామ్మలా చెయ్యకు అంటుంటారు. వింటూ ఊరుకున్నాను ఇన్నాళ్ళూ. ఇక ఊరుకోను. అమ్మవారని నమ్మింది మా నాయనమ్మే, నిజమే. కానీ ఆ పసిపిల్ల మింగలేక మింగుతుంటే నొప్పి లేదని చెప్పించింది ఆవిడ కాదు. నేను.